అటెన్‌బరోలు ఎక్కడివాళ్లు: ఒక అరుదైన ఇంటిపేరు వెంట, ప్రాజెక్టు డైరీ

జనవరి

ముందు ఈ ప్రాజెక్టు ఏమిటో చెప్పేస్తాను. ఇంగ్లండులో బాగా తక్కువమందికి ఉండే ఒక ఇంటిపేరు పట్టుకుని, అది ఏ ఊళ్లో పుట్టింది, ఎటు పాకింది, ఆ పేరున్నవాళ్లు ఏ పని చేసుకుని బతికారు అన్నది పాత రికార్డుల్లో చూసుకుంటూ పోవడం. నేను తీసుకున్న పేరు అటెన్‌బరో. డాక్యుమెంటరీల డేవిడ్, సినిమాలు తీసిన ఆయన అన్న రిచర్డ్ పుణ్యమా అని ప్రపంచమంతా ఈ పేరు తెలుసు కాబట్టి ఇదేదో వీధికొకరికి ఉండే పేరనుకుంటాం. కాదు. నేనుండే నాటింగ్‌హమ్ చుట్టుపక్కల దాటితే ఈ పేరు గల మనిషి ఎదురవడం కష్టమే, అందుకే ప్రాజెక్టుకి బాగా పనికొస్తుంది. స్మిత్ అనే పేరు మీద ఇలాంటి పని ఎవరూ చెయ్యలేరు, స్మిత్ అంటే కమ్మరి, ప్రతి ఊళ్లోనూ ఒక కమ్మరి ఉంటాడు.

అటెన్‌బరో అనే ఊరు నిజంగానే ఉంది. నాటింగ్‌హమ్‌కి నైరుతి దిక్కున, బీస్టన్ పక్కన, ట్రెంట్ నది ఒడ్డున. ఇప్పుడు జనం అక్కడికి వెళ్లేది ఎక్కువగా పక్షుల కోసం, 1929 నుంచి కంకర తవ్వేసిన గుంతల్లో నీళ్లు చేరి చెరువులైతే వాటినే పక్షుల సంరక్షణ కేంద్రంగా మార్చారు. 1966లో దాన్ని ప్రారంభించింది ఎవరో చెప్పక్కర్లేదు, డేవిడ్ అటెన్‌బరోనే. ఊరి పేరున్న మనిషి చేతే ఊళ్లో రిబ్బన్ కట్ చేయించారన్నమాట.

చెరువుల పక్కనే సెయింట్ మేరీ చర్చి. ఆ చర్చిలో 1611లో బాప్టిజం పొందినవాళ్లలో ఊరికి పేరు తెచ్చిన మనిషి హెన్రీ ఐర్టన్. రాజుని ఓడించి ఇంగ్లండుని ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు, మొదటి చార్లెస్ రాజు మరణశాసనం మీద సంతకం పెట్టినవాడు. రాజరికం తిరిగొచ్చాక పాతిపెట్టిన ఆయన శవాన్ని పైకి తీసి 1661లో టైబర్న్‌లో ఉరికంబానికి వేలాడదీశారు, అది వేరే కథ. నాకు కావలసింది ఆయన ఇంటిపేరు. ఐర్టన్ అన్నది డార్బీషైర్‌లో ఉన్న ఊరి పేరు. అంటే అటెన్‌బరో ఊళ్లో పుట్టినవాడికి వేరే ఊరి ఇంటిపేరు ఉంది. ఊరిపేర్లు ఇంటిపేర్లయ్యే పద్ధతే అది. సొంత ఊళ్లో ఉన్నంతకాలం అందరూ ఆ ఊరివాళ్లే, కాబట్టి ఒకణ్ణి పట్టుకుని అటెన్‌బరో వాడు అని ఎవరూ పిలవరు, పక్క ఊరికి వెళ్లి స్థిరపడ్డాక ఆ ఊరివాళ్లు అలా పిలుస్తారు. మన ఇంటిపేర్లలో చాలా ఇలా వచ్చినవే, ఆ ఊళ్లో ఇప్పుడు ఆ ఇంటిపేరువాళ్లు ఒక్క గడపైనా ఉండకపోవచ్చు. అందుకని నేను వెతకాల్సింది అటెన్‌బరోలో కాదు, దాని చుట్టూ ఒక రోజు నడక దూరంలో ఉన్న ఊళ్లలో.

జనవరి చివర

ఒక చిక్కు తేల్చుకోకుండా ముందుకు పోలేను. ఈ పేరుకి ఊరితో సంబంధం లేదని చెప్పే వాదన ఒకటుంది. మధ్యయుగపు ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'దగ్గర' అని అర్థం వచ్చే ముక్క, దాన్ని చెట్టుకో గుట్టకో తగిలించి మనుషుల్ని పిలిచేవాళ్లు. 'అటెన్ ఓక్' అని పిలిచినవాళ్లే, చివరి నకారం ఓక్‌కి అంటుకుని, నోక్స్ అయ్యారు. 'అటెన్ యాష్'లు నాష్ అయ్యారు. అలాగే 'అటెన్ బరో', కోట దగ్గర ఉండేవాడు, అంతే సంగతి అంటారు.

వినడానికి బాగుంది, కానీ రెండు చోట్ల నాకు మింగుడుపడలేదు. ఒకటి, పాత ఇంగ్లీషులో పదాలకి లింగం ఉండేది, కోట అనే అర్థమున్న 'బుర్హ్' స్త్రీలింగం, దాని ముందు రావలసింది 'అటెన్' కాదు 'అటర్'. నిజంగానే అలా వచ్చిన పేరుంది, అటర్‌బరీ. గుట్ట, తోపు అనే పదాలు పుంలింగం కాబట్టి వాటితో అయితే 'అటెన్' కుదురుతుంది, ఆ తర్వాత్తర్వాత లింగాల పట్టింపు ఎలాగూ పోయింది, అందుకని ఇది ఒక్కటే చూసి కేసు కొట్టేయలేం. రెండోది దీనికంటే గట్టిది: ఇంటిపేరున్న జనం ఎక్కడ గుమిగూడి ఉన్నారన్నది. కోట దగ్గరో తోపు దగ్గరో ఉండేవాళ్లు దేశం మొత్తం ఉంటారు, ఆ లెక్కన పేరు నాలుగు మూలలా మొలకెత్తాలి. ఒకే ఊరి చుట్టూ పోగుపడి కనిపిస్తే మాత్రం అది ఊరిపేరే. ఊరి సంగతికొస్తే, పన్నెండో శతాబ్దపు రాతల్లో అది టకారంతో లేదు, డకారంతో ఉంది, అడ్డా అనో అలాంటి పేరో ఉన్న ఒకాయన కోట అని దాని అర్థం. టకారం తర్వాత వచ్చింది. కాబట్టి తేల్చాల్సింది డిక్షనరీలో కాదు, మ్యాప్ మీద.

ఫిబ్రవరి

డేటా పోగేస్తున్నాను. ఇంగ్లండు, వేల్స్‌లో పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వ రిజిస్టర్లకెక్కడం 1837 జులై 1న మొదలైంది. ఆ ఇండెక్స్‌ని వాలంటీర్లు కూర్చుని టైప్ చేసిన ఫ్రీబీఎండీ సైట్ ఉచితం. సెన్సస్ 1801 నుంచే ఉన్నా దేశమంతటా పేరుపేరునా రాయడం 1841 నుంచి, అందులో కూడా పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని అయిదు గుణిజానికి కిందికి దించి రాశారు, పుట్టిన ఊరు బదులు 'ఈ కౌంటీలోనేనా' (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అంటే అవును, కాదు. 1851 నుంచి పుట్టిన ఊరు రాశారు. ఇంటిపేర్ల పనికి అందరూ మొదట తెరిచేది 1881 సెన్సస్, ఎందుకంటే దాన్ని మోర్మన్ చర్చివాళ్లు, ఇక్కడి కుటుంబ చరిత్ర సంఘాలు కలిసి మొత్తం ఎత్తి రాసి ఉచితంగా పెట్టారు.

ఎక్సెల్‌లో ఇంటిపేరుకి రెండు కాలమ్స్ పెట్టుకున్నాను, రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఒకటి, నేను సరిచేసి రాసింది ఇంకొకటి. ఇలాంటి పని మొదలెట్టేవాళ్లు ఇదొక్కటి పాటించండి చాలు, తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది. అటెన్‌బరో, అటెన్‌బరోవ్, అటెన్‌బారో, అటెన్‌బ్రో, చివర్లో ఉన్న ఆ 'ఓ యూ జీ హెచ్' ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఇంటి యజమానికి చదువు రాకపోతే గుమస్తా చెవికి ఏం వినపడితే అదే పేరు. ఇవి పాతకాలపు రూపాలైతే, చదవడంలో వచ్చే తేడాలు ఇంకో రకం. రెండు టీల మీద అడ్డగీత కలానికి సరిగ్గా అందకపోతే అది 'ఆల్టెన్‌బరో' అయి కూర్చుంటుంది, అప్పుడు మీరు వెతికే పేరు కింద అది ఛస్తే రాదు. అందుకని ముందు అక్షరాలు వదిలేసి, పుట్టిన ఊరు దగ్గర అటెన్‌బరో చుట్టుపక్కల ఊళ్లు స్టేపుల్‌ఫోర్డ్, బీస్టన్, చిల్‌వెల్ అని ఇచ్చి, వచ్చిన జాబితా మొత్తం కంటితో చూడటమే.

సెన్సస్ పేజీ స్కాన్ ఒకటి పెద్దది చేసి చూస్తే ఈ పని ఎంత ఓపిక అడుగుతుందో తెలుస్తుంది. వయసు కాలమ్‌లో ప్రతి అంకె మీదా ఒక ఏటవాలు గీత ఉంటుంది. అది రాసినవాడిది కాదు, తర్వాత లండన్ ఆఫీసులో గుమస్తాలు లెక్కపెడుతూ పెట్టిన టిక్కు. ఆ గీత మూడు మీద పడితే ఎనిమిదిలా కనపడుతుంది, ఒకటి మీద పడితే ఏడు. వృత్తి దగ్గర చూస్తే ఊరూరా 'ఎఫ్ డబ్ల్యూ కె' అని మూడక్షరాలు, కింది వరసలో రెండు చుక్కలు, దాని కింద మళ్లీ రెండు చుక్కలు, పేజీ చివరిదాకా. ఫ్రేమ్‌వర్క్ నిట్టర్ అని. ఇంట్లోనే మగ్గం లాంటి ఫ్రేమ్ పెట్టుకుని మేజోళ్లు అల్లేవాళ్లు.

మార్చి

మ్యాప్ వేశాను, ఈ నెలంతా దాంతోనే సరిపోయింది.

మొదట ఒక మాట. తలలు లెక్కపెట్టి మ్యాప్ మీద చుక్కలు పెడితే ఏ ఇంటిపేరైనా లండన్‌లో మెరుస్తుంది. 1881లో లండన్ జనాభా 38 లక్షల దాకా, నాటింగ్‌హమ్‌షైర్ మొత్తం కలిపితే 4 లక్షల లోపు. కాబట్టి లక్షమందిలో ఎందరు అన్న నిష్పత్తి తీసుకోవాలి. అలా తీస్తే లండన్ చుక్క వెలవెలబోతుంది. దాన్ని మరీ తీసిపారేయలేం కూడా, విక్టోరియా కాలపు లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ మీద అటెన్‌బరోలనే తాకట్టు వ్యాపారుల కుటుంబం పేరు మోసింది, బంగారు గొలుసో గడియారమో కుదువపెట్టాలంటే జనానికి తట్టే పేరు అది. డబ్బున్న కుటుంబానికి రికార్డులు కుప్పలుగా ఉంటాయి, మేజోళ్లు అల్లుకునేవాడికి మూడే మూడుంటాయి, వెతికేవాళ్ల కంటికి ఆ కుటుంబమే పెద్దగా ఆనుతుంది.

ఇక అసలు విషయం. నిష్పత్తి ప్రకారం నాటింగ్‌హమ్‌షైర్, డార్బీషైర్ రెండూ వెలుగుతున్నాయి. దీన్ని చూసి ఈ పేరు రెండు కౌంటీలదీ అనేయొచ్చు, చాలామంది అలాగే రాస్తారు కూడా. కానీ 1837 తర్వాతి జనన రికార్డుల్లో డార్బీషైర్ కింద పడిన వరసలు తీసి చూస్తే, అందులో గుట్టగా కనపడేది ఒకే రిజిస్ట్రేషన్ డిస్ట్రిక్ట్, అంటే జనన మరణాలు నమోదు చేసే విభాగం, దాని పేరు 'షార్డ్‌లో' (Shardlow). తీగ లాగితే డొంక కదిలింది. 1834 నాటి పేదల చట్టం వచ్చాక, దిక్కులేనివాళ్లని పోషించే ఖర్చు పంచుకోవడానికి పారిష్‌లని, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే పల్లెలని, గుంపులుగా కలిపి యూనియన్లు చేశారు. 1837లో జననాల నమోదు మొదలుపెట్టినప్పుడు కొత్తగా హద్దులు గీసే ఓపిక ఎవరికుంది, ఆ యూనియన్ల హద్దులే వాడేశారు. 'షార్డ్‌లో' అనే ఊరు డార్బీషైర్‌లో ఉంది, కాబట్టి డిస్ట్రిక్ట్‌ని డార్బీషైర్ ఖాతాలో వేస్తారు. కానీ ఆ యూనియన్‌లో మూడు కౌంటీల పల్లెలున్నాయి. లెస్టర్‌షైర్ నుంచి క్యాసిల్ డానింగ్‌టన్ లాంటివి, నాటింగ్‌హమ్‌షైర్ నుంచి స్టేపుల్‌ఫోర్డ్, చిల్‌వెల్, టోటన్.

ఈ మూడూ ఎక్కడున్నాయో చూడండి. చిల్‌వెల్, టోటన్ రెండూ అటెన్‌బరో చర్చి కిందికి వచ్చే పల్లెలే. స్టేపుల్‌ఫోర్డ్ ఆ చర్చి నుంచి నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో, ఎరవాష్ అనే చిన్న నదికి ఇవతలి ఒడ్డున. ఆ నదే రెండు కౌంటీల మధ్య సరిహద్దు. అంటే అటెన్‌బరో గుమ్మం ముందు పుట్టిన పిల్లలు కూడా కాగితం మీద డార్బీషైర్ పిల్లలైపోయారు. ఆన్‌లైన్‌లో దొరికే ఇంటిపేర్ల మ్యాపులు డిస్ట్రిక్టుల లెక్కన రంగు వేస్తే డార్బీషైర్ మీద పడిన ఆ ముదురు రంగులో కొంత అటెన్‌బరో పెరటిదే.

సెన్సస్ ఇక్కడ ఆదుకుంటుంది, ఎందుకంటే అందులో పుట్టిన ఊరు, కౌంటీ పక్కపక్కనే ఉంటాయి, 'నాట్స్, స్టేపుల్‌ఫోర్డ్' అని (నాట్స్ అంటే నాటింగ్‌హమ్‌షైర్). ఒక జాగ్రత్త, స్టేపుల్‌ఫోర్డ్ అనే ఊళ్లు ఇంగ్లండులో ఇంకా ఉన్నాయి, కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఒకటి, లెస్టర్‌షైర్‌లో ఒకటి, కాబట్టి కౌంటీ చూడకుండా ఏ వరసా ఎక్కించకూడదు. డార్బీషైర్‌లో నిజంగా పుట్టినవాళ్లు లేరని కాదు, ఉన్నారు, కానీ ఇప్పుడు మ్యాప్ ఆకారం మారింది: రెండు కౌంటీల మీద పరుచుకున్న మచ్చ కాదు, ఎరవాష్ ట్రెంట్‌లో కలిసే మూల చుట్టూ ఒక ముద్ద, అక్కడినుంచి పడమటికీ ఉత్తరానికీ సాగిన తోకలు. 'అటెన్' వాదనని నేను ఇక్కడితో పక్కన పెట్టేశాను.

డేవిడ్, రిచర్డ్‌ల నాన్న ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది ఆ స్టేపుల్‌ఫోర్డ్‌లోనే. ఒక ఊరి పేరు ఇంటిపేరుగా పెట్టుకుని అయిదారు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఊరికి నాలుగు కిలోమీటర్లలో ఉన్నారు ఈ పేరువాళ్లు.

ఏప్రిల్

నాటింగ్‌హమ్‌షైర్ ఆర్కైవ్స్‌లో పారిష్ రిజిస్టర్లు. పెళ్లిళ్లు, బాప్టిజాలు, ఖననాలు రాసిపెట్టమని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చింది 1538లో, కాబట్టి ఎంత అదృష్టం ఉన్నా మామూలు జనం వివరాలు దానికి వెనక దొరకడం గగనం. అంతర్యుద్ధం రోజుల్లో, 1640ల నుంచి 1660 దాకా, దేశమంతా చాలా చర్చిల్లో రాత కుంటుపడింది. మైక్రోఫిల్మ్ రీడర్ ముందు కూర్చుంటే రెండు గంటల్లో మెడ పట్టేస్తుంది. ఇంగ్లీషు ఇంటిపేర్లు చాలావరకు 1400 నాటికి తండ్రి నుంచి కొడుక్కి స్థిరపడిపోయాయి, రిజిస్టర్లేమో దానికి దాదాపు నూట నలభై ఏళ్ల తర్వాత మొదలయ్యాయి, ఈ మధ్య ఖాళీని పన్నుల జాబితాలతో పూడ్చుకోవాలి. పొయ్యికింత అని వసూలు చేసిన పన్ను 1662 నుంచి 1689 దాకా ఉంది, నాటింగ్‌హమ్‌షైర్‌కి 1674 జాబితా మిగిలింది. దాన్ని వచ్చే నెల పట్టుకుంటాను.

వృత్తుల గురించి రాయకుండా ఉండలేను. మేజోళ్ల ఫ్రేమ్ కనిపెట్టింది విలియం లీ, 1589లో, నాటింగ్‌హమ్‌కి దగ్గర్లోని కాల్వర్టన్ వాడు. పందొమ్మిదో శతాబ్దానికి ఆ ఫ్రేమ్ అల్లేవాడిది కాదు, యజమానిది, పని ఉన్నా లేకున్నా వారం వారం దానికి అద్దె కట్టాలి. 1811లో ఫ్రేములు పగలగొట్టిన లడ్డైట్ల గొడవ రేగింది ఈ కౌంటీలోనే. ఆ తర్వాత లేసు మిషన్లు, శతాబ్దం చివరికి ఎరవాష్ అవతల లాంగ్ ఈటన్‌లో లేసు ఫ్యాక్టరీలు లేచాయి. ఇవతలి ఊళ్లవాళ్లు పని కోసం వంతెన దాటితే చాలు, ఇల్లు కౌంటీ మారిపోతుంది. మ్యాప్‌లో పడమటి తోక ఎందుకు పెరిగిందో నాకు ఇక్కడ అర్థమైంది.

మే

డీఎన్‌ఏ. ఇది నేను చేసిన పని కాదు, లెస్టర్ యూనివర్సిటీలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ చేశారు. తర్వాత కార్ పార్కింగ్ కింద దొరికిన మూడో రిచర్డ్ రాజు ఎముకల డీఎన్‌ఏ తేల్చింది కూడా ఆ టూరి కింగే. మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, ఇంటిపేరూ అంతే, కాబట్టి రెండూ జంటగా ప్రయాణించాయో లేదో చూడొచ్చు. 2006లో వాళ్లు ఒకే ఇంటిపేరున్న 150 జతల మగవాళ్లని పరీక్షిస్తే దాదాపు 24 శాతం జతలకి ఉమ్మడి పూర్వీకుడు కనిపించాడు, అరుదైన పేర్లలో అది సగానికి దగ్గర. 2009లో 40 ఇంటిపేర్లు, 1,600 మందికి పైగా మనుషులు. స్మిత్‌లు దారినపోయే ఎవరితోనైనా ఎంత కలుస్తారో తమలో తాము కూడా అంతే. అటెన్‌బరోలలో మాత్రం 70 శాతానికి పైగా మగవాళ్ల వై క్రోమోజోమ్ ఒకే రకం, లేదా దానికి అతి దగ్గర రకం.

దీన్ని చూసి మొత్తం వంశానికి మూలపురుషుడు ఒక్కడే అని ఎగిరి గంతేయడం తేలిక. నేను అంత తొందరపడను. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక లెక్క అడిగాడు: ప్రతి తరంలో కొందరికి కొడుకులుంటారు, కొందరికి ఉండరు, ఈ లెక్కన ఇంటిపేర్లు ఎన్ని మాయమవుతాయి? హెన్రీ వాట్సన్ అనే ఆయన జవాబు కట్టాడు, 1874లో ఇద్దరూ కలిసి పేపర్ వేశారు. కూతుళ్లే పుట్టిన ఇంట్లో పేరు ఆగిపోతుంది. 1348లో వచ్చిన ప్లేగు లాంటిది పడితే ఒక్కసారిగా ఎన్నో పేర్లు ఆగిపోతాయి. కాబట్టి అటెన్‌బరో నుంచి బయటికి వెళ్లిన ముగ్గురు నలుగురు వేర్వేరు మనుషులు ఆ పేరు పెట్టుకుని, ఒక్కడి వంశం మాత్రమే నిలబడి ఉన్నా ఇప్పుడు కనపడే ఫలితం ఇదే. లెస్టర్‌వాళ్లు కూడా తమ పేపర్‌లో వంశాలు ఇలా యాదృచ్ఛికంగా నిలవడాన్ని, ఆగిపోవడాన్ని లెక్కలోకి తీసుకున్నారు.

మిగతా ముప్ఫై శాతం లోపు మాటేమిటంటే, అక్రమ సంబంధం అని కళ్లెగరేయక్కర్లేదు. పెళ్లి కాని తల్లి బిడ్డకి తల్లి ఇంటిపేరే వస్తుంది, పేరు నిలుస్తుంది, వై మారుతుంది. మారుతండ్రి పేరు పెట్టుకున్న పిల్లలున్నారు. మన దగ్గర దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారినట్టు ఇక్కడ ఆస్తి కోసం మేనమామ పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తరానికి ఇలా తెగేవి నూటికి ఒకటి నుంచి నాలుగున్నర దాకా అని వాళ్ల అంచనా, ఇరవై తరాలు గుణించుకుంటే నిలిచేది నూటికి నలభై నుంచి ఎనభై రెండు దాకా, డెబ్బై శాతం ఆ మధ్యలోనే ఉంది.

అన్నట్టు, ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 దాకా ప్రిన్సిపాల్‌గా చేసిన లెస్టర్ కాలేజీయే 1957లో ఈ యూనివర్సిటీ అయింది.

జూన్

ఎక్కడిదాకా వెళ్లాలన్నది తేల్చుకున్నాను, 1921 సెన్సస్ దగ్గర ఆపేస్తున్నాను. 1931ది 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల సెన్సస్సే జరగలేదు, నూరేళ్ల నిబంధన ప్రకారం 1951ది 2052లో గానీ తెరవరు. మధ్యలో యుద్ధం మొదట్లో జనం పేర్లు రాసుకున్న 1939 రిజిస్టర్ ఉంది గానీ బతికున్నవాళ్ల జోలికి వెళ్లే పని నాకు వద్దు, నాకు కావలసింది పేరు, మనుషుల ఇళ్లు కాదు.

ప్రస్తుతం నడుస్తున్నది 'షార్డ్‌లో' డిస్ట్రిక్ట్ జననాలని ఊళ్లవారీగా విడదీయడం. ఇండెక్స్‌లో డిస్ట్రిక్ట్, త్రైమాసికం మాత్రమే ఉంటాయి, ఊరు ఉండదు. ఫ్రీబీఎండీలో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు నుంచే కనపడుతుంది, కానీ జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత ఇండెక్స్‌లో 1837 నుంచీ ఇచ్చారు, అందుకని అక్కణ్ణుంచి తల్లి పేరు ఎత్తుకొచ్చి పిల్లల్ని కుటుంబాలుగా కట్టి, ఆ కుటుంబాన్ని పక్క సెన్సస్‌లో పట్టుకుని ఊరు తెలుసుకుంటున్నాను. సెన్సస్ రాకముందే చనిపోయిన పిల్లలు మాత్రం ఇందులో దొరకరు, వాళ్ల వరసలు పసుపు రంగులో ఉన్నాయి, చాలానే ఉన్నాయి. వాటన్నిటికీ రికార్డు కాపీలు కొనాలంటే జేబు ఖాళీ, కాబట్టి అదే తల్లి పేరుతో ఎరవాష్‌కి రెండు వైపులా తేలిన కుటుంబాలకి మాత్రమే కొంటాను, మిగతావాటికి ఖననాల రిజిస్టర్ తిరగేస్తాను. దాంతోపాటే 1674 పొయ్యి పన్ను జాబితా, ముందు స్టేపుల్‌ఫోర్డ్, తర్వాత చిల్‌వెల్.